మంట అరుపు వెంట పదహారేళ్ళు: మెకానికల్ చదివే చెల్లికి జవాబు

నువ్వు అడిగింది ఇది: "అక్కా, తిరుపతిలో మెకానికల్ మూడో ఏడాది చదువుతున్నా. గ్యాస్ టర్బైన్లలో, రాకెట్లలో మంటా శబ్దమూ ఒకదాన్నొకటి ఎగదోసుకుని ఇంజిన్‌నే పాడుచేస్తాయని ఒక లెక్చర్‌లో విన్నా, అప్పటి నుంచి అదే ధ్యాస. నేను ఏరో చదవలేదు, లెక్కలంటే కొంచెం భయం, ఇంట్లో సాఫ్ట్‌వేర్ అంటున్నారు. దీంట్లో పీహెచ్‌డీ దాకా పోవచ్చా? పోతే తర్వాత ఉద్యోగం ఉంటుందా?"

పోవచ్చు చెల్లీ. నేను కూడా మెకానికలే, చదివిందీ తిరుపతిలోనే, అప్పుడు ఇక్కడ ఐఐటీ లేదు (అది 2015లో వచ్చింది, ఇప్పుడు ఏర్పేడు దగ్గర ఉంది). ఎంటెక్, పీహెచ్‌డీ, జర్మనీలో రెండేళ్ళు పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన కొలువు), బెంగళూరులో గ్యాస్ టర్బైన్ల పని నాలుగేళ్ళు, ఇప్పుడు పాఠాలు చెప్పుకుంటున్నా. అన్నీ కలిపితే పదహారేళ్ళు ఈ ఒక్క విషయం చుట్టూనే తిరిగాను. అయితే "పోవచ్చు" అనేసి ఊరుకుంటే నీకు ఉపయోగం లేదు. అసలు ఈ పని ఏందో ముందు అర్థం కావాలి, ఎందుకంటే నా జూనియర్లలో చాలామంది రాకెట్టు బొమ్మ చూసి వచ్చి, రెండేళ్ళు మైకులు బిగించుకుంటూ కూర్చోవాలని తెలిశాక నీరసపడిపోయారు.

మాది చిత్తూరు పక్కన పల్లె. నాయనకు కొంచెం చెరకు ఉండేది, బెల్లం మేమే వండేవాళ్ళం. పెద్ద పెనంలో రసం పొంగుతా ఉంటుంది, పొయ్యి అవతలి పక్క గుంటలో కూర్చుని ఒకాయన ఎండిన పిప్పి లోపలికి తోస్తా ఉంటాడు. ఆయనకు పెనం కనిపించదు. పెనం దగ్గరున్న నాయన "మంట తగ్గించు" అని కేకేస్తాడు, ఆయన పిప్పి ఆపుతాడు, కానీ అప్పటికే లోపల పడింది కాలుతూనే ఉంటుంది కాబట్టి పొంగు ఇంకా పైకొస్తుంది, నాయన ఇంకా గట్టిగా అరుస్తాడు, ఆయన పూర్తిగా ఆపేస్తాడు. కాసేపటికి మంట చల్లబడి పాకం నిలిచిపోతుంది, ఇప్పుడు "వెయ్యి వెయ్యి" అని కేకలు. కేకకీ మంటకీ మధ్య ఆ కొన్ని క్షణాల ఆలస్యం ఉంది చూడు, ఇద్దరిలో ఎవరి తప్పూ లేకపోయినా పొంగు ఎక్కుతూ దిగుతూ ఊగేది దానివల్లే. కంబషన్ ఇన్‌స్టెబిలిటీలో, అంటే నువ్వు లెక్చర్‌లో విన్న ఆ మంటా శబ్దాల ఎగదోతలో, పీహెచ్‌డీ అంటే, ఒక్క ముక్కలో, ఆ ఆలస్యాన్ని కొలవడం. ఇక్కడ కేక వేసేది ప్రెజర్, పిప్పి తోసేది బర్నర్, ఆలస్యం సెకన్లలో కాకుండా మిల్లీసెకన్లలో ఉంటుంది, అంతే తేడా.

లెక్క చూడు. ఇంధనం కలిసే చోటు నుంచి మంట దాకా 10 సెంటీమీటర్లు, గాలి వేగం సెకనుకు 20 మీటర్లు అనుకుందాం. ఇక్కడ ఇంధనం కాస్త ఎక్కువో తక్కువో పడితే ఆ మార్పు మంటకు తెలిసేది 5 మిల్లీసెకన్ల తర్వాత. ఛాంబర్ (మంట కాలే గది) సహజంగా 200 హెర్ట్జ్, అంటే సెకనుకు 200 ఊపుల దగ్గర మోగేదైతే ఒక చుట్టుకు పట్టేది కూడా సరిగ్గా 5 మిల్లీసెకన్లే. గాలి వేగం కొంచెం మార్చావంటే ఆ పొత్తు చెడిపోతుంది, మోత ఆగినా ఆగొచ్చు, కొత్త ఫ్రీక్వెన్సీలో మొదలైనా అవ్వొచ్చు. లార్డ్ రేలీ 1878లోనే సూత్రం చెప్పేశాడు: గాలి బాగా నొక్కుకుని ఉన్న క్షణంలో వేడి అందితే కంపనం బలపడుతుంది, పల్చబడిన క్షణంలో అందితే చల్లారుతుంది. ఆ మాట ఇంతవరకూ తప్పు కాలేదు. ఆ "క్షణం" ఎప్పుడొస్తుందో ముందుగా చెప్పలేకే ఇన్ని ల్యాబులు నడుస్తున్నాయి.

ఇది నిజంగా అంత ప్రమాదమా అని అనుమానం ఉంటే రాకెట్ల చరిత్ర చూడు. చంద్రుడి దగ్గరికి మనుషుల్ని మోసిన శాటర్న్-5 కింద ఉన్న ఎఫ్-1 ఇంజిన్ 1962లో పరీక్షల్లోనే ఈ ఊపుకు నాశనమైంది. తర్వాత సుమారు 2000 పూర్తిస్థాయి పరీక్షలు చేశారు, నడుస్తున్న ఇంజిన్‌లో చిన్న బాంబు పేల్చి ఆ కుదుపు ఎంతసేపట్లో సర్దుకుంటుందో చూసేవాళ్ళు, చివరికి ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ ముఖం మీద అడ్డగోడలు పెట్టి దారికి తెచ్చారు. యూరప్ వాళ్ళ ఏరియాన్ రాకెట్టు రెండో ప్రయాణం 1980 మే 23న పోయింది కూడా ఇందుకే, ఒక వైకింగ్ ఇంజిన్‌లో వచ్చిన ఇన్‌స్టెబిలిటీ వల్ల. ఆ వైకింగ్ కుటుంబం నుంచి వచ్చిందే మన వికాస్ ఇంజిన్. పీఎస్ఎల్‌వీ రెండో దశలో మండేది అదే. శ్రీహరికోట ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోకే వచ్చింది కాబట్టి మేడ మీద నిలబడి ఆ తెల్లటి గీత చూసినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకో.

నాకు ఇది ఎట్ల అంటుకుందో చెప్తా, నువ్వు కూడా చేసి చూడొచ్చు. థర్డ్ ఇయర్‌లోనే, గాంధీ రోడ్డులో ఒక హార్డ్‌వేర్ షాపులో మీటరు పొడవు, రెండంగుళాల ఇనుప పైపు కొన్నాను. "మేడ మీదికి నీళ్ళకా పాపా?" అన్నాడాయన. "కాదు, పాట పాడించడానికి" అన్నా, నమ్మలేదు. కింది నుంచి పావు భాగం, అంటే 25 సెంటీమీటర్ల ఎత్తులో రెండు పొరల ఇనుప జాలీ దూర్చి, పట్టకారుతో నిలువుగా పట్టుకుని, కింద బర్నర్ పెట్టి జాలీ ఎర్రబడేదాకా కాల్చి, బర్నర్ పక్కకు తీశా. రెండు సెకన్లు ఏమీ లేదు. తర్వాత పైపు లోపలి నుంచి నాదస్వరంలో శ్రుతి పట్టినట్టు ఒక మోత లేచింది, సన్నగా మొదలై చేతులు జిల్లుమనేంతగా పెరిగింది. పైపును అడ్డంగా తిప్పా, టక్కున ఆగిపోయింది. నిలబెట్టా, మళ్ళీ మొదలు. హాస్టల్ వరండాలో అమ్మాయిలంతా బయటికొచ్చారు, వార్డెన్ మేడమ్ పైకొచ్చి ముందు తిట్టింది, తర్వాత "ఇంకోసారి చెయ్యి" అంది.

దీన్ని రైకే ట్యూబ్ అంటారు, 1859లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో రైకే అనే ప్రొఫెసర్ కనిపెట్టాడు. అడ్డంగా తిప్పితే ఎందుకు ఆగిందంటే, వేడికి గాలి పైకి పోవడం ఆగిపోయింది కాబట్టి. మరి జాలీని పైపులో పై సగంలో పెడితే? ఎంత కాల్చినా పలకదు. దీనికి జవాబు పుస్తకం చూడకుండా రాబట్టగలిగితే ఈ సబ్జెక్టు నీకు సగం వచ్చినట్టే. నేను మూడు రోజులు కొట్టుకున్నా, నీకు సాయంగా రెండు ముక్కలు చెప్తా: ప్రెజర్ ఊపు మధ్యలో ఎక్కువ, గాలి కదలిక రెండు చివర్లలో ఎక్కువ. కింది సగంలో ధ్వని వల్ల లోపలికొచ్చే గాలీ, వేడికి పైకెళ్ళే గాలీ ఒకే దిక్కు. పై సగంలో అవి ఎదురెదురు. మిగతాది నువ్వే ఆలోచించు.

ఇక లెక్కల భయం. కాంప్లెక్స్ నంబర్లు ఇంటర్‌లో ఎంసెట్ కోసం బట్టీ పట్టేసి వదిలేశాం కదా, ఇక్కడ తెల్లారి లేస్తే అవే. ఒక సంకేతం ఇంకోదానికంటే ఎంత వెనకబడిందో చెప్పడానికి అంతకంటే సులువైన పద్ధతి లేదు. దాంతోపాటు తరంగ సమీకరణం ఒకటి చేత్తో సాధించగలగాలి, రెండు చివరలూ తెరిచిన గొట్టం, ఒక చివర మూసిన గొట్టం, మధ్యలో ఉష్ణోగ్రత మారిన గొట్టం, ఈ మూడూ వస్తే చాలు. ఫోరియర్, సిగ్నల్ ప్రాసెసింగ్ మెకానికల్ వాళ్ళకు సరిగ్గా చెప్పరు, పక్కన ఈసీఈ వాళ్ళ క్లాసులో వెనక బెంచీలో కూర్చో, నేను అదే చేశా. థర్మో, ఫ్లూయిడ్ మెకానిక్స్ నీకు ఎట్లాగూ ఉన్నాయి. కంబషన్ కెమిస్ట్రీ గురించి ఇప్పుడే టెన్షన్ పడొద్దు. మొదట్లో అందరూ వందల రసాయన చర్యలు నేర్చుకోవాలనుకుంటారు, ఈ సమస్యలో నిన్ను ముంచేదీ తేల్చేదీ శబ్దమే గానీ కెమిస్ట్రీ కాదు. ఇది నా అభిప్రాయం, ఒప్పుకోని వాళ్ళూ ఉన్నారు.

గేట్ (ఎంటెక్, పీహెచ్‌డీ ప్రవేశాలకు రాసే పరీక్ష) మెకానికల్ పేపర్‌తోనే రాయి, ఏరో డిపార్ట్‌మెంట్లు కూడా మెకానికల్ వాళ్ళను తీసుకుంటాయి. ఐఐటీ మద్రాసులో ఈ పని చాలా బలంగా ఉంది, ప్రొఫెసర్ సుజిత్ బృందం పేరు వినే ఉంటావు. మామూలు గరగర శబ్దం నుంచి పెద్ద మోతలోకి ఇంజిన్ ఒక్కసారిగా దూకదనీ, మధ్యలో అప్పుడప్పుడూ మోత తెరలు తెరలుగా వచ్చి పోయే దశ ఒకటి ఉంటుందనీ వాళ్ళు 2014లో రాసిన పేపర్ ఈ రంగంలో చాలామంది ఆలోచన మార్చింది. మనం గందరగోళం అనుకునే మోత నిజానికి గందరగోళంలోంచి పుట్టిన క్రమం అన్నమాట. బెంగళూరు ఐఐఎస్సీ, కాన్పూర్, బొంబాయి ఐఐటీలు కూడా చూడు. బయటి దేశాల్లో అయితే మ్యూనిక్, బెర్లిన్, జ్యూరిక్, కేంబ్రిడ్జ్, జార్జియా టెక్, ఈ పేర్లు పేపర్లలో పదేపదే కనిపిస్తాయి.

కానీ ఊరి పేరు చూసి చేరొద్దు చెల్లీ. రిగ్ చూసి చేరు. రిగ్ అంటే ప్రయోగానికి కట్టుకున్న బర్నర్, ఛాంబర్, గాలి లైన్లు, గ్యాస్ లైన్లు, ఇవన్నీ. ఇంకా కట్టని రిగ్ కోసం చేరితే నీ పీహెచ్‌డీలో రెండేళ్ళు టెండర్లకూ, లీకులకూ, ఫ్లోమీటర్ కాలిబ్రేషన్‌కూ పోతాయి. చేరేముందు ఆ ల్యాబ్‌లో చదివి వెళ్ళిపోయిన వాళ్ళకు ఫోన్ చెయ్యి, ఉన్నవాళ్ళు పూర్తిగా చెప్పరు. "సార్ ల్యాబ్‌కు వారానికి ఎన్నిసార్లు వస్తారు", "కంప్రెసర్ చెడిపోతే ఎవరు బాగుచేస్తారు", ఈ రెండు ప్రశ్నలు చాలు. రెండోదానికి "మేమే" అన్నారంటే అది మంచి ల్యాబో చెడ్డ ల్యాబో నేను చెప్పను గానీ, నీకు పానా పట్టడం మాత్రం వచ్చేస్తుంది.

నా తప్పు ఒకటి చెప్తా, దీనికి ఎవరూ కారణం కాదు, పూర్తిగా నాదే. పీహెచ్‌డీ రెండో ఏడాది. ఛాంబర్ గోడ వేడికి మైక్ కాలిపోతుంది కాబట్టి దాన్ని గోడకే బిగించరు, సన్నటి గొట్టం ఒకటి బయటికి తీసి దాని పక్కన బిగిస్తారు, శబ్దం వెనక్కి తిరిగి రాకుండా ఆ గొట్టాన్ని పొడవాటి చుట్టగా పెట్టి వదిలేస్తారు. మంట వెలుతురు కొలవడానికి ఫోటోమల్టిప్లయర్, దాని ముందు ఫిల్టర్. ఈ రెండు సంకేతాలూ గుణించి, రేలీ సూత్రం ప్రకారం మంట శబ్దానికి బలమిస్తోందా తగ్గిస్తోందా అని లెక్క. ఎదురుగా రిగ్ 150 డెసిబెల్స్ దాటి అరుస్తోంది, చెవుల్లో దూది, పైన మఫ్స్, ఛాతీలో అదురు తెలుస్తోంది. నా గ్రాఫ్ మాత్రం మంట శబ్దాన్ని తగ్గిస్తోందని చెబుతోంది. ఆరు నెలలు ఆ గ్రాఫ్‌నే నమ్మా. కొత్త యంత్రాంగం ఏదో కనిపెట్టాననుకుని పేపర్ డ్రాఫ్ట్ కూడా మొదలుపెట్టా, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఒకరోజు ల్యాబ్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ చూసే పెద్దాయన, పీహెచ్‌డీ లేదు ఏమీ లేదు, టీ తాగుతూ ఆ గొట్టం చూసి "ఏమ్మా, ఈ పొడవు లెక్కలో వేసుకున్నావు కదా?" అన్నారు. వేసుకోలేదు. గొట్టం 30 సెంటీమీటర్లు. శబ్దానికి అది దాటడానికి 0.87 మిల్లీసెకన్లు కావాలి. మా మోత 170 హెర్ట్జ్ దగ్గర, అంటే ఒక చుట్టు 5.9 మిల్లీసెకన్లు, చుట్టు మొత్తాన్ని 360 డిగ్రీలు అనుకుంటే నా ప్రెజర్ సంకేతం 53 డిగ్రీలు వెనకబడి ఉంది. ప్రెజర్‌కీ మంటకీ మధ్య అసలు తేడా 60 డిగ్రీల దగ్గర, నా లెక్కలో 113. తొంభై దాటితే గుర్తు మారిపోతుంది కదా, ప్లస్ మైనస్ అయిపోయింది. ఆరు నెలల పని ఒక టీ గ్లాసులో కరిగిపోయింది. మా నాయన అరుపు పొయ్యి దగ్గరికి ఎంతసేపటికి చేరుతుందో చిన్నప్పటి నుంచి చూసిన దాన్ని, నా మైక్ దగ్గరికి శబ్దం ఎంతసేపటికి చేరుతుందో చూసుకోలేదు.

అందుకే నా దగ్గరికొచ్చే పిల్లలకు మొదటి నెల మంట ముట్టనివ్వను. రెండు మైకులు పక్కపక్కన పెట్టి, ఒక స్పీకర్ మోగించి, రెండిటి మధ్య ఫేజ్ తేడా (ఒకటి ఇంకోదానికంటే ఎంత వెనకబడిందో) సున్నా అని నాకు చూపించాలి. చూపించలేరు, ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది, ఆంప్లిఫయర్ ఫిల్టరో, కేబులో, ఛానెళ్ళను ఒకదాని తర్వాత ఒకటి చదివే డాటా కార్డో. ఆ నెల తిట్టుకుంటారు.

ఉద్యోగం గురించి ఉన్నది ఉన్నట్టు చెప్తా. "కంబషన్ ఇన్‌స్టెబిలిటీ ఇంజినీర్ కావలెను" అని ప్రకటనలు రోజూ రావు. ఒక ఇంటర్వ్యూలో నన్ను "అకౌస్టిక్స్ అంటే మ్యూజిక్ సిస్టమా అమ్మా?" అన్నారు, ఇంకో చోట "మీది మెకానికలా ఏరోనా, ఏదో ఒకటి చెప్పండి" అని ఫైలు పక్కన పెట్టేశారు. రెండు సబ్జెక్టుల మధ్య గట్టు మీద నిలబడితే రెండు పొలాల వాళ్ళూ నీది కాదంటారు. కానీ అవసరం మాత్రం పోదు. కరెంటు తీసే గ్యాస్ టర్బైన్లలో నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించడానికి గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ పెట్టి ముందే కలిపి కాలుస్తారు. అట్లాంటి మంట చాలా సున్నితం, చిన్న ఊపుకే స్పందిస్తుంది. పైగా గాలి అంతా బర్నర్‌కే కావాలి కాబట్టి గోడలకు చల్లదనం కోసం పెట్టే రంధ్రాలు తగ్గాయి, శబ్దాన్ని మింగే దారీ తగ్గింది. ఇప్పుడు హైడ్రోజన్ కలుపుతామంటున్నారు. దాని మంట వేగం ఎక్కువ, మంట పొట్టిదై బర్నర్ దగ్గరికి జరుగుతుంది, ఆలస్యం మారిపోతుంది, నిన్నటిదాకా నెమ్మదిగా ఉన్న యంత్రం ఈరోజు వేరే ఫ్రీక్వెన్సీలో అరవడం మొదలుపెడుతుంది. కాబట్టి బెంగళూరులో టర్బైన్ కంపెనీల ఇంజినీరింగ్ సెంటర్లు, జెట్ ఇంజిన్ల ప్రభుత్వ ల్యాబ్ జీటీఆర్ఈ, ఇస్రో, డీఆర్‌డీఓ, హైదరాబాద్ చెన్నైలలో కొత్తగా రాకెట్లు కడుతున్న కంపెనీలు, ఇవన్నీ నీకు దారులే. అవీ కుదరకపోతే కార్ల శబ్దం, సైలెన్సర్లు, కంప్రెసర్ల పని ఉంది. ధ్వని కొలవడం నిజంగా వచ్చినవాళ్ళు తక్కువ.

ఇంట్లోవాళ్ళకు ఇవేవీ పట్టవు, నాకు తెలుసు. మా అమ్మ పెళ్ళిలో ఎవరితోనో "పాప మంట మీద పరిశోధన చేస్తా ఉంది" అంటే, ఆమె "ఇంట్లో పొయ్యి లేదా?" అనిందట. ఇంట్లో అడిగేది ఒకటే, డబ్బు ఎప్పుడొస్తుంది అని. ఎంటెక్‌లో గేట్ ఉంటే నెలకు 12,400, పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్) అయితే 37,000, రెండేళ్ళ తర్వాత 42,000, పైన ఇంటి అద్దె. సాఫ్ట్‌వేర్ చేరిన నీ ఫ్రెండుతో పోలిస్తే అయిదేళ్ళు వెనకబడతావు, అది అబద్ధం చెప్పి దాచలేం. ఇంటిమీద అప్పు ఉండి నీ జీతం కోసం ఎదురుచూస్తున్నారంటే ముందు రెండేళ్ళు ఉద్యోగం చేసి తర్వాత రా, తప్పేం లేదు, నేను కూడా ఒక ఏడాది అట్లాగే చేశా. ఆ జీతంతోనే తమ్ముడి ఫీజు కట్టాం.

ఈలోపల ఆ పైపు పని చెయ్యి. గాల్వనైజ్డ్ పైపు మాత్రం కొనొద్దు, జింకు పూత బాగా కాలితే వచ్చే పొగ మంచిది కాదు, మామూలు ఇనుముదో స్టీలుదో తీసుకో. గదిలో చెయ్యొద్దు, మేడ మీద చెయ్యి, చేతికి మందపాటి గ్లవ్స్, పక్కన బకెట్ నీళ్ళు. ఫోన్‌లో స్పెక్ట్రమ్ చూపించే యాప్ ఒకటి వేసుకుని మోత ఎన్ని హెర్ట్జో రాసుకో. చల్లటి పైపు అయితే లెక్క ప్రకారం 166 దగ్గర రావాలి (మీటరుకు రెండు చివరలకూ కలిపి మూడు సెంటీమీటర్లు ఎక్కువ వేసుకో, శబ్దం పైపు మూతి దగ్గరే ఆగదు). నీకు అంతకంటే ఎక్కువ వస్తుంది, లోపలి గాలి వేడిగా ఉంటుంది కదా. 185 వచ్చిందనుకో, ధ్వని వేగం సెకనుకు 381 మీటర్లు, దాన్నిబట్టి లోపలి సగటు వేడి 88 డిగ్రీల సెల్సియస్ దగ్గర తేలుతుంది. థర్మామీటర్ పెట్టకుండానే. జాలీ చల్లారే కొద్దీ ఆ అంకె ఎట్ల జారుతుందో పది సెకన్ల రికార్డింగ్ తీసి ఇక్కడ పెట్టు, నీ గ్రాఫ్ చూశాక ఎంటెక్‌కు ఏ ల్యాబ్ సరిపోతుందో మాట్లాడుకుందాం.